ముందు ఆపడం, తర్వాతే కదలడం: కొత్తగా బండి నేర్చుకునేవాళ్లకి ఎక్సలేటర్, బ్రేకుల పాఠం

మన దగ్గర బండి నేర్పే తీరు ఏ ఇంట్లో చూసినా ఇంచుమించు ఒకటే. అన్నయ్యో బాబాయో వెనక కూర్చుంటాడు, "ఇది క్లచ్, ఇది గేరు, కాస్త రేజ్ ఇచ్చి క్లచ్ మెల్లగా వదులు" అంటాడు, బండి రెండు గెంతులు గెంతి ఆగిపోతుంది, నాలుగోసారికో ఐదోసారికో కదులుతుంది, "వచ్చేసింది, ఇంక రోడ్డెక్కు" అనేస్తాడు. ఆపడం గురించి చెప్పేది మాత్రం ఒక్క ముక్క: "ముందు బ్రేక్ జోలికి పోకు, పల్టీ కొడతావ్." ఆ ఒక్క మాట పట్టుకుని ఏళ్ల తరబడి బండి నడిపేవాళ్లు కూడా కాలి బ్రేక్ మీదే, అంటే వెనక చక్రం బ్రేక్ మీదే బతుకుతుంటారు. ఎదురుగా గేదె వస్తే వెనక చక్రం కీచుమని పక్కకి జారుతుంది తప్ప బండి ఆగదు.

నేను చెప్పే వరస దీనికి పూర్తిగా రివర్స్. ముందు ఆపడం నేర్చుకోండి, అదీ ఇంజిన్ ఆఫ్‌లో ఉండగానే. తర్వాత క్లచ్, అంటే ఇంజిన్ బలాన్ని చక్రానికి కలిపే, విడదీసే ఎడమ చేతి లివర్. ఎక్సలేటర్ ఆఖరికి. ఎందుకంటే ఎక్సలేటరూ ముందు బ్రేకూ రెండూ కుడిచేతి కిందే ఉన్నాయి. బండిని ఉరికించేదీ ఆ చెయ్యే, ఆపాల్సిందీ ఆ చెయ్యే, గాబరాలో దానికి ఏది బాగా అలవాటుంటే అదే చేసేస్తుంది. అలవాటయ్యేది బ్రేకే అయితే మంచిది కదా.

మొదలుపెట్టే ముందు

చోటు సంగతి. స్కూల్ గ్రౌండ్ అందరూ చెప్తారు గానీ మట్టి నేల మీద బ్రేకులు సరిగ్గా అర్థం కావు, ఊరికే జారుతుంది, దాంతో భయం ఇంకా పెరుగుతుంది. తారు గానీ సిమెంటు గానీ ఉన్న ఖాళీ చోటు వెతకండి. ఊరి బయట ప్లాట్లు వేసి, రోడ్లు పోసి, ఇంకా ఇళ్లు కట్టని వెంచర్లు ఉంటాయి చూశారూ, వాటి వాచ్‌మెన్‌ని అడిగి ఆదివారం పొద్దున్నే వెళ్తే అంతకన్నా మంచి చోటు దొరకదు. కంకర చెదిరి ఉన్న మూలలు మాత్రం ముందే నడిచి చూసుకోండి.

రోడ్డెక్కాలంటే ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవాళ్లకి ఇచ్చే లెర్నర్ లైసెన్సు) చేతిలో ఉండాలి. గేర్ల బండికి 18 ఏళ్లు నిండాలి. ఎల్‌ఎల్‌ఆర్ 6 నెలలు చెల్లుతుంది, తీసుకున్న 30 రోజుల తర్వాత పర్మనెంట్ లైసెన్సు టెస్టుకి వెళ్లొచ్చు. తెల్ల బోర్డు మీద ఎర్ర ఎల్ అక్షరం ముందూ వెనకా కట్టుకోవాలి, నేర్పే లైసెన్సుదారుణ్ని తప్ప వెనక ఇంకెవర్నీ ఎక్కించుకోకూడదు.

ఐఎస్ఐ మార్కు హెల్మెట్, చీలమండ కప్పే బూట్లు, ఫుల్ ప్యాంటు. చెప్పులేసుకుని నేర్చుకోవద్దు, కాలి బ్రేక్ మీద చెప్పు అంచు మడతపడితే అడుగు ఎంత గట్టిగా పడుతోందో తెలీదు. చున్నీ వేసుకునేవాళ్లు దాన్ని నడుముకి గట్టిగా ముడేసుకోండి, గొలుసులోకీ చక్రంలోకీ పోయేది ముందు అదే.

ఇక బండి. టైర్లలో గాలి ఎంత ఉండాలో చాలా బళ్లకి చైన్ కవర్ మీద స్టిక్కరే ఉంటుంది, బంకులో కుర్రాడు పెట్టినంత కాదు, దాని ప్రకారం పెట్టించండి. ఎక్సలేటర్ తిప్పి వదిలేస్తే టక్కున వెనక్కి వచ్చేయాలి. బద్ధకంగా వస్తోందంటే కేబుల్ ఎక్కడో పట్టేస్తోంది, అలాంటి బండి మీద నేర్చుకోకండి. న్యూట్రల్‌లో (ఏ గేరూ పడకుండా) స్టార్ట్ చేసి హ్యాండిల్‌ని ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పండి, ఇంజిన్ చప్పుడు మారకూడదు. మారితే కేబుల్ బిగుసుకుపోయింది, మలుపు తిరిగినప్పుడల్లా మీరు తిప్పకుండానే రేజ్ అవుతుంది. ముందు చక్రానికి డిస్క్ బ్రేక్ (బయటికి కనిపించే ఇనుప పళ్లెం) ఉంటే దాని లివర్ నొక్కితే గట్టిగా తగలాలి, మెత్తగా దిగిపోతుంటే బ్రేక్ ఆయిల్‌లో గాలి చేరిందని లెక్క, మెకానిక్‌కి చూపించండి. డ్రమ్ బ్రేక్ (చక్రం మధ్య డబ్బాలో ఉండేది) అయితే లివర్ హ్యాండిల్‌కి ఆనుకునేదాకా రాకూడదు. కాలి బ్రేక్ పెడల్ ఎత్తు కూడా చూసుకోండి. ఫుట్‌రెస్ట్ మీద నుంచి పాదం మొత్తం ఎత్తితేనే పెడల్ అందుతోందంటే ఎత్తు తగ్గించమనండి, రెండు నిమిషాల పని.

అన్నట్టు, నాన్నగారి పాత బుల్లెట్ మీద నేర్చుకుందామనుకునేవాళ్లకి ఒక మాట. ఆ పాతవాటిల్లో గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి ఉంటాయి. అందం అందమే గానీ, వాటి మీద నేర్చుకుని మామూలు బండెక్కితే బ్రేక్ అనుకుని గేరు తొక్కుతారు. మొదటి బండి 100 నుంచి 125 సీసీ మధ్య, రెండు పాదాలూ నేలకి బాగా ఆనేది తీసుకోండి.

కూర్చోవడం, మణికట్టు

ఈ భాగం చాలామంది దాటేస్తారు. కొత్తవాళ్లు బండి వదిలేసి పడిపోవడానికి సగం కారణం ఇక్కడే ఉంది, అందుకే కాస్త ఎక్కువ చెప్తాను.

బండి సెంటర్ స్టాండ్ మీద, ఇంజిన్ ఆఫ్. ఎక్కి కూర్చుని మోకాళ్లతో ట్యాంకుని రెండువైపులా పట్టుకోండి. ఒంటి బరువు మోకాళ్ల మీదా సీటు మీదా ఉండాలి, చేతుల మీద కాదు. మోచేతులు కాస్త వంగి వదులుగా ఉండాలి. ఇప్పుడు కుడిచేత్తో గ్రిప్ పట్టుకుని మణికట్టు ఎక్కడుందో చూడండి. కొత్తవాళ్లలో ఎక్కువమందికి మణికట్టు పైకి లేచి, వేళ్ల కణుపులు ముందుకి వాలి ఉంటాయి. ఇలా పట్టుకుంటే ఎక్సలేటర్ కిందకి తిరగడానికి బోలెడంత చోటు దొరికినట్టే, చెయ్యి కాస్త వెనక్కి లాగినా అది సగం పైన తిరిగిపోతుంది. మణికట్టుని కణుపులకి సమానంగా గానీ ఇంకాస్త కిందకి గానీ దించి, ఎక్సలేటర్ పూర్తిగా మూసి ఉండగా అలా పట్టుకోండి. ఇప్పుడు తిప్పి చూడండి, కొంచెం తిరగ్గానే చెయ్యే అడ్డం పడుతుంది. కొత్తవాళ్లకి కావాల్సింది ఆ అడ్డమే.

ఎందుకో చెప్తాను. క్లచ్ ఒక్కసారిగా వదిలేశారు, బండి ముందుకి దూకింది. మీ ఒళ్లు వెనక్కి పోతుంది. పడిపోకుండా చేతులు హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకుంటాయి, ఒళ్లుతోపాటు మణికట్టు కూడా వెనక్కి, కిందకి పోతుంది. మణికట్టు కిందకి పోవడమంటే ఎక్సలేటర్ ఇంకా తిరగడమే. బండి ఇంకా దూకుతుంది, మీరు ఇంకా గట్టిగా పట్టుకుంటారు. గేటుకి గుద్దినవాళ్లూ, గోడెక్కించినవాళ్లూ "బ్రేక్ వేద్దామనే అనుకున్నాను" అనే చెప్తారు, అబద్ధం కాదు, చెయ్యి వాళ్ల మాట వినలేదు.

దీనికి విరుగుడు ఎడమ చెయ్యి. బండి అదుపు తప్పుతోంది అనిపించిన క్షణంలో క్లచ్ మొత్తం పట్టేయాలి, ఇంక ఎక్సలేటర్ ఎంత తిరిగినా ఇంజిన్ అరుస్తుంది తప్ప చక్రానికి బలం అందదు. ఇది బుర్రకి తెలిస్తే చాలదు, వేళ్లకి తెలియాలి. స్టాండ్ మీదున్న బండి మీదే కూర్చుని, పక్కనున్నవాళ్లని మీరు అనుకోని సమయంలో "క్లచ్!" అని అరవమనండి. వాళ్లు అరవగానే ఎడమ చెయ్యి క్లచ్ మొత్తం పట్టాలి, కుడిచెయ్యి ఎక్సలేటర్ మూయాలి. తమ్ముడితో చేయిస్తే వాడికీ సరదాగా ఉంటుంది. ఆలోచించకుండా వేళ్లు ముడుచుకునేదాకా చేయించుకోండి.

మొదటి మెట్టు: ఇంజిన్ ఆఫ్‌లో బ్రేకులు

బండి న్యూట్రల్‌లో, ఇంజిన్ ఆఫ్. కొంచెం వాలుగా ఉన్న చోటైతే అదే దొర్లుతుంది, లేకపోతే వెనక ఒకరు తొయ్యాలి. నడక కన్నా కాస్త వేగం చాలు. మొదట కాలి బ్రేక్ ఒక్కటే వేసి ఆపండి. తర్వాత ముందు బ్రేక్ ఒక్కటే. రెండు వేళ్లతో, చూపుడు వేలూ మధ్య వేలూ చాలు, మిగతా రెండూ గ్రిప్ మీదే ఉండాలి. డ్రమ్ బ్రేకైతే రెండు వేళ్ల బలం చాలకపోవచ్చు, నాలుగూ వాడండి. నిమ్మకాయ పిండినట్టు పట్టాలి: ముందు మెల్లగా, రసం దిగుతున్నకొద్దీ గట్టిగా. లాగి పడేయకూడదు.

ముందు బ్రేక్ పట్టగానే హ్యాండిల్ కింద రెండు ఫోర్కులూ (ముందు చక్రాన్ని పట్టుకునే గొట్టాలు) కిందకి కుంగుతాయి. ఆ కుంగుడు చేతికీ కంటికీ బాగా తెలిసేదాకా చేయండి. బండి బరువూ మీ బరువూ ముందు చక్రం మీదకి వస్తున్నాయని దానర్థం. చక్రం మీద బరువు పడితే టైరు రోడ్డుని గట్టిగా పట్టుకుంటుంది, కాబట్టి ఇంకా గట్టిగా బ్రేక్ వేయొచ్చు. అదే సమయానికి వెనక చక్రం తేలికైపోతుంది, అందుకే కాలి బ్రేక్ ఒక్కటే తొక్కితే అది పట్టేసి, అంటే తిరగడం ఆగిపోయి, జారుతుంది. పొడి రోడ్డు మీద గట్టిగా ఆపినప్పుడు పనిలో దాదాపు 70 శాతం ముందు బ్రేకే చేస్తుంది. అంటే ముందు బ్రేక్ వద్దన్న బాబాయి మీకు మూడోవంతు బ్రేకులతో బండి నడపమని చెప్పాడన్నమాట.

మరి పడిపోతున్నవాళ్ల మాటేంటి? పడుతున్నారు, అందుకు కారణాలు వేరే. ఒకటి, బరువు ముందుకి రాకముందే లివర్ని ఒక్క గుంజు గుంజడం. రెండు, హ్యాండిల్ తిరిగి ఉండగా ముందు బ్రేక్ పట్టడం. ఈ రెండోదాన్ని ఇక్కడే చూసేయండి. బండి దాదాపు ఆగబోతుండగా హ్యాండిల్ని కొంచెం పక్కకి తిప్పి, ముందు బ్రేక్ చాలా మెల్లగా పట్టండి, ఇద్దరు పక్కన పట్టుకుని ఉండాలి. బండి మొత్తం అటు పక్కకి వాలిపోతుంది. ఇంటి ముందు పార్క్ చేస్తూ పడిపోయేవన్నీ ఇలాగే పడతాయి. నడక వేగంలో, హ్యాండిల్ తిరిగి ఉంటే కాలి బ్రేక్ మాత్రమే. హ్యాండిల్ తిన్నగా ఉంటే రెండూ.

రెండో మెట్టు: ఎక్సలేటర్ ముట్టకుండా కదలడం

ఇప్పుడు స్టార్ట్ చేయండి. క్లచ్ పట్టి ఫస్ట్ గేర్. స్ప్లెండర్ లాంటివాటిల్లో గేర్లన్నీ ముందుకి తొక్కడమే, అపాచీ, యూనికార్న్ లాంటివాటిల్లో ఫస్ట్ కిందకి, మిగతావన్నీ పైకి. మీ బండిది ఏదో ముందే తెలుసుకోండి.

కుడిచెయ్యి ఎక్సలేటర్ మీద వద్దు, రెండు వేళ్లు బ్రేక్ మీద ఉంచండి. క్లచ్ని మిల్లీమీటరు మిల్లీమీటరుగా వదలండి. ఒకచోట ఇంజిన్ గొంతు కాస్త బరువెక్కుతుంది, బండి వణికి ముందుకి జరగబోతుంది. అక్కడ ఆపండి. అదే హాఫ్ క్లచ్. చదును నేల మీద మన బళ్లు చాలావరకూ ఎక్సలేటర్ లేకుండానే ఆ హాఫ్ క్లచ్‌తో కదులుతాయి, 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణం) బళ్లలో ఎక్కువ వాటికి ఫ్యూయల్ ఇంజెక్షన్, అంటే పెట్రోలుని కొలిచి ఇంజిన్‌కి పంపే ఏర్పాటు, ఉంది కాబట్టి ఇంకా సులువు. రెండు కాళ్లతో నేల మీద నడుస్తూ, పది అడుగులు ముందుకి, క్లచ్ పట్టి బ్రేక్. మళ్లీ పది అడుగులు. ఇంజిన్ ఆగిపోతే ఏం కాదు, మళ్లీ స్టార్ట్ చేయండి. కాళ్లు నేల మీద అవసరం లేదనిపించినప్పుడు వాటంతటవే ఫుట్‌రెస్ట్ మీదకి వెళ్తాయి, తొందరపెట్టకండి. ఎడమ చెయ్యి నొప్పి పుడుతుంది. పుట్టాలి కూడా. నొప్పి పుట్టాక ఆరోజుకి ఆపేయండి, అలిసిపోయిన చెయ్యి క్లచ్ని టప్పున వదిలేస్తుంది.

మూడో మెట్టు: ఎక్సలేటర్

ఇప్పుడు ఇవ్వండి. బొటనవేలుని స్విచ్‌ల బాక్సుకి ఆనించి ఉంచండి. ఎక్సలేటర్ తిప్పుతుంటే బొటనవేలు ఆ బాక్సు మీద రాసుకుంటూ కదులుతుంది, ఎంత తిప్పారో చూడక్కర్లేకుండా వేలే చెప్తుంది, గతుకుల్లో చెయ్యి అదిరినా ఎక్సలేటర్ అదరదు. చిన్న సంగతే గానీ ఒక గంటలో తేడా తెలుస్తుంది.

సెకండ్ గేర్‌లో 20 కిలోమీటర్ల వేగానికి వెళ్లి, దాన్ని అలాగే నిలబెట్టండి. మీటరు వంక చూస్తూ కూర్చోకండి, దూరంగా చూస్తూ ఇంజిన్ చప్పుడు వినండి, చప్పుడు మారకపోతే వేగం మారనట్టే. వెంచర్ రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే చప్పుడుతో వెళ్లగలగాలి. విసుగ్గా ఉంటుంది, తెలుసు. అసలు కంట్రోల్ అంటే ఇదే మరి, ఫ్రెండ్స్ ముందు రయ్యిమని లాగడం ఎవడికైనా ఒక్క పూటలో వస్తుంది.

తర్వాత మూయడం. ఎక్సలేటర్ ఒక్కసారిగా మూసేస్తే గొలుసు వదులు లాగేసి బండి ఒక కుదుపు ఇస్తుంది, వెనక కూర్చున్నవాళ్లు మీ వీపు మీదకి వస్తారు. మెల్లగా మూస్తే ఇంజినే బండిని వెనక్కి పట్టి లాగుతున్నట్టు వేగం తగ్గుతుంది. దీన్నే ఇంజిన్ బ్రేకింగ్ అంటారు. సెకండ్‌లో ఎంత తగ్గుతుంది, థర్డ్‌లో ఎంత తగ్గుతుంది, బ్రేక్ ముట్టకుండా చూడండి. గేరు తక్కువైనకొద్దీ ఎక్కువ లాగుతుంది. ట్రాఫిక్‌లో చాలా చోట్ల బ్రేక్ అవసరం లేకుండా ఇదే సరిపోతుంది. ఎప్పుడూ క్లచ్ పట్టుకుని దొర్లించే అలవాటున్నవాళ్లు ఈ సుఖం పోగొట్టుకుంటున్నారు.

నాలుగో మెట్టు: గురిపెట్టి ఆపడం

రోడ్డు మీద సుద్దముక్కతో ఒక గీత గీయండి, అది దొరక్కపోతే రెండు ఖాళీ నీళ్ల బాటిళ్లు పెట్టండి. 20 వేగంతో వచ్చి ముందు చక్రం గీత మీద ఆగాలి. వరస ఇది: ఎక్సలేటర్ మూయడం, రెండు బ్రేకులూ మెల్లగా తగిలించడం, ఫోర్కు కుంగగానే ముందు బ్రేక్ ఇంకా పిండడం, ఆగబోయే ముందు క్లచ్ పట్టడం, చివరి అడుగులో బ్రేకుని కాస్త వదలడం. ఆ చివర వదలడమే బండి తల ఊపకుండా మెత్తగా ఆగడానికి కిటుకు. ఆగాక ఎడమ కాలు కింద, కుడి కాలు బ్రేక్ మీద. రెండు కాళ్లూ ముందే దించి ఈడ్చుకుంటూ ఆపేవాళ్లు అసలు కాలి బ్రేక్ వాడట్లేదన్నమాట, గమనించారా?

20 బాగా వచ్చాక 30, ఆ తర్వాత 40. ప్రతిసారీ బ్రేక్ మొదలుపెట్టిన చోట ఒక గుర్తు పెట్టి, ఆగిన చోటుకి అడుగులు వేసి చూడండి. 40 వేగం అంటే సెకనుకి 11 మీటర్లు. కుక్క అడ్డం వచ్చిందని కన్ను చూసి చెయ్యి బ్రేక్ మీదకి చేరేసరికి సుమారు ఒక సెకను, అంటే బ్రేక్ పడకముందే 11 మీటర్లు అయిపోయాయి. పొడి తారు మీద ఓ మోస్తరుగా గట్టిగా వేస్తే ఇంకో 12 మీటర్లు, మొత్తం 23. అదే 60 వేగంలో 17, 28 కలిపి 45 మీటర్లు. 80లో 22, 49 కలిపి 71. వేగం రెట్టింపైతే బ్రేక్ వేశాక పోయే దూరం నాలుగు రెట్లవుతుంది. ముందు వెళ్తున్న ఆటో వెనక టైరుకి బెత్తెడు దూరంలో వెళ్లేవాళ్లు ఈ అంకెలు ఒక్కసారి చూసుకోవాలి, ఎందుకంటే ఆటో సిగ్నల్ వేసి ఆగదు, చెయ్యెత్తిన మనిషి కనిపిస్తే ఆగుతుంది.

గట్టిగా ఆపేటప్పుడు వెనక చక్రం పట్టేసి జారితే కంగారుపడి హ్యాండిల్ తిప్పకండి, దూరంగా తిన్నగా చూస్తూ కాలి బ్రేక్ కొంచెం సడలించండి. ముందు చక్రం పట్టేస్తే మాత్రం ఆలోచించే టైమ్ ఉండదు, వెంటనే వదిలి మళ్లీ మెల్లగా పట్టాలి.

ఏబీఎస్ ఉన్న బండైతే ఆ పట్టేయడం జరక్కుండా అదే చూసుకుంటుంది. 125 సీసీ దాటిన బళ్లకి కొత్త మోడళ్లలో 2018 ఏప్రిల్ నుంచి, అన్నిట్లో 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరైంది. 125, అంతకన్నా తక్కువవాటికి కనీసం సీబీఎస్ ఉండాలన్నారు, అంటే ఒక బ్రేక్ వేస్తే రెండోది కూడా కొంత పడేలా కలిపేసిన ఏర్పాటు. ఏబీఎస్ పనిచేస్తున్నప్పుడు లివర్ వేళ్ల కింద టకటక కొట్టుకుంటుంది. కొత్తవాళ్లు ఏదో విరిగిందనుకుని వదిలేస్తారు. వదలకండి, అలాగే పట్టి ఉంచండి. సింగిల్ ఛానల్ అని రాసి ఉంటే ముందు చక్రానికి మాత్రమే అని అర్థం, వెనకది ఎప్పటిలాగే జారుతుంది. ఇంకోటి, ఏబీఎస్ ఉందని బండి తక్కువ దూరంలో ఆగిపోదు, ఇసుక మీద అయితే ఇంకా ఎక్కువే పడుతుంది. పడిపోకుండా ఆగే అవకాశం ఇస్తుంది, అంతే.

ఎనిమిది అంకె, యూటర్న్

ఆర్టీఓ ఆఫీసులో ఎనిమిది అంకె వేయించేటప్పుడు కాలు కింద పెడితే ఫెయిల్. అక్కడ వణికేవాళ్లందరూ చేసేది ఒకటే, ఎక్సలేటర్ ఇవ్వడం, మూయడం, ఇవ్వడం, మూయడం. మూసినప్పుడల్లా బండి లోపలికి వాలుతుంది, ఇచ్చినప్పుడల్లా బయటికి పోతుంది. అలా కాకుండా ఎక్సలేటర్ కొంచెం ఇచ్చి ఇంక దాన్ని కదపకండి. క్లచ్ హాఫ్‌లో ఉంచండి. వేగాన్ని కాలి బ్రేక్‌తో తగ్గించుకోండి. ఎక్సలేటరూ బ్రేకూ ఒకేసారి ఏంటి అని వింతగా ఉంటుంది గానీ, ఇంజిన్ లాగుతుండగా వెనక బ్రేక్ పట్టి ఉంచితే బండి నడక వేగంలో కూడా నిలకడగా నిలబడుతుంది. ముందు బ్రేక్ మీద వేళ్లు తీసేయండి. కళ్లు ముందు చక్రం మీద కాదు, తిరగాల్సిన వైపు, తల తిప్పి మరీ చూడాలి. ముందు పెద్ద గుండ్రం, అది వచ్చాక చిన్నది, తర్వాత ఎనిమిది.

వేగంగా ఉండే మలుపుల సంగతి రెండు ముక్కల్లో: బ్రేకులు మలుపుకి ముందే, తిన్నగా ఉండగానే అయిపోవాలి. మలుపులో ఎక్సలేటర్ కొద్దిగా, ఒకేలా.

స్కూటీ మీద నేర్చుకునేవాళ్లు

పైన చెప్పిన క్లచ్ విరుగుడు మీకు లేదు. ఎడమ చేతిలో ఉన్నది వెనక బ్రేక్. కాబట్టి మణికట్టు పాఠం మీకే ఎక్కువ అవసరం. బండి ఆగి ఉన్నంతసేపూ ఎడమ బ్రేక్ పట్టే ఉంచండి, ఎవరైనా పలకరించినా వదలకండి. స్టార్ట్‌లో ఉన్న బండిని దిగి తోయొద్దు, స్టాండ్ తీస్తూ గ్రిప్ పట్టుకుని లాగితే అదే వెళ్లిపోతుంది, ఆపేసే తోయండి. ఇంజిన్ బ్రేకింగ్ గేర్ల బండిలో ఉన్నంతగా ఉండదు కాబట్టి రెండు బ్రేకులూ ఇంకాస్త ముందే మొదలుపెట్టాలి. ఇంకో అలవాటు చూస్తుంటాను, రెండు కాళ్లూ కిందకి వేలాడదీసి, ఎక్సలేటర్ కొంచెం కొంచెంగా ఇస్తూ గుంపులో దూరడం. కాలు ఎక్కడైనా తగిలి ఒళ్లు వెనక్కి పోయిందా, ఎక్సలేటర్ తిరిగిపోయినట్టే.

ఎత్తు, వాలు

ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ట్రాఫిక్ ఆగింది, వెనక కారు ఆనుకుని ఉంది, కొత్తవాళ్లకి చెమటలు పట్టే సీన్ ఇది. కాలి బ్రేక్ మీద బండిని నిలబెట్టండి, ముందు బ్రేక్ మీద కాదు, ఎందుకంటే కుడిచెయ్యి ఎక్సలేటర్‌కి ఖాళీగా కావాలి. కొంచెం రేజ్ ఇచ్చి, క్లచ్ని హాఫ్ దాకా వదలండి, బండి ముందుకి లాగుతున్నట్టు తెలుస్తుంది, అప్పుడు కాలి బ్రేక్ మెల్లగా తీయండి. బండి వెనక్కి ఒక్క అంగుళం కూడా రాదు. వెంచర్లో వాలు లేకపోతే ఏదైనా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీద, వాచ్‌మెన్‌ని అడిగి, చేసి చూడండి.

దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో దొర్లించేవాళ్లు మన దగ్గర బోలెడుమంది. అరకు, శ్రీశైలం, మారేడుమిల్లి ఘాట్లలో ఈ పని చేస్తే ఇంజిన్ బ్రేకింగ్ ఉండదు, భారం మొత్తం బ్రేకుల మీద పడుతుంది, డ్రమ్ వేడెక్కి ఒకచోట తొక్కినా పట్టదు. ఏ గేరులో ఎక్కాలో ఆ గేరులోనే దిగండి, ఎక్సలేటర్ మూసి. బ్రేకులు ఆగకుండా పట్టి ఉంచకుండా, పట్టి వేగం తగ్గించి, వదిలి, మళ్లీ పట్టండి.

మన రోడ్లు

వరికోతలప్పుడు తారు రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోస్తారు, చుట్టూ రాళ్లు పెట్టి, రాత్రయితే పట్టా కప్పి. రైతుకి కళ్లం లేదు, ఆయన్ని తిట్టి లాభం లేదు. రాత్రిపూట కోతల సీజన్‌లో పల్లె రోడ్డు మీద హెడ్‌లైటు వెలుగు పడినంత దూరంలో ఆగగలిగే వేగమే పెట్టుకోండి. వడ్ల మీదకి వెళ్లక తప్పకపోతే ముందే వేగం తగ్గించేసి, గింజల మీద బ్రేకూ వద్దు, ఎక్సలేటర్ మార్చడమూ వద్దు, హ్యాండిల్ తిన్నగా, ఉన్నదున్నట్టుగా దాటేయండి. మలుపుల్లో ట్రాక్టర్ల నుంచి రాలిన ఇసుకకీ, నాట్లప్పుడు దమ్ము చేసొచ్చిన ట్రాక్టర్ చక్రాలు రోడ్డు మీద వదిలిన బురదకీ ఇదే సూత్రం.

తొలకరి వాన పడిన మొదటి అరగంట చాలా చెడ్డది, రోడ్డు మీద చేరిన ఆయిలూ దుమ్మూ తడిసి పైకి తేలతాయి. తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, లారీలు ఆగే చోట నల్లటి మరకలు, వీటి మీద ఉన్నప్పుడు బ్రేక్ వేయకండి, దాటాక వేయండి. తడిలో కూడా ముందు బ్రేక్ వాడాలి, మానేయడం కాదు, పిండడం ఇంకా మెల్లగా, ఇంకా ముందుగా మొదలుపెట్టాలి. నీళ్లలోంచి బయటికొచ్చాక బ్రేకులు రెండుసార్లు తేలిగ్గా పట్టి వదిలితే ఆరతాయి.

రంగు వెలిసిపోయిన స్పీడ్ బ్రేకర్ ఆఖరి క్షణంలో కనిపించిందనుకోండి. దాని మీదకి ఎక్కేదాకా బ్రేక్ పట్టే ఉంటే ఫోర్కు అప్పటికే కుంగి ఉంటుంది, దెబ్బంతా చేతులకి తగులుతుంది. వీలైనంత తగ్గించి, చక్రం తగలబోయే ముందు బ్రేక్ వదిలేయండి, ఒంటిని ఫుట్‌రెస్ట్‌ల మీద కాస్త లేపండి.

లైసెన్సు వచ్చాక వెనక ఎవరినైనా ఎక్కించుకునేటప్పుడు, మొదటిసారి మళ్లీ ఆ వెంచర్‌కే వెళ్లండి. బరువు వెనక్కి మారుతుంది, కదలడానికి ఇంకాస్త ఎక్సలేటర్ కావాలి, ఆగడానికి ఎక్కువ దూరం కావాలి, కాలి బ్రేక్ మాత్రం ఒంటరిగా ఉన్నప్పటికన్నా బాగా పనిచేస్తుంది. అమ్మ చీరలో ఒకవైపుకి కూర్చుంటుంది, ఆవిడకి పట్టుకోవడానికి మీ భుజం, వెనక హ్యాండిల్ తప్ప ఏమీ ఉండవు, క్లచ్ టప్పున వదిలితే వెనక్కి పడేది ఆవిడే. ఆవిడక్కూడా హెల్మెట్ పెట్టించండి. గీత దగ్గర ఆపే ప్రాక్టీసు మళ్లీ 20 నుంచి మొదలుపెట్టండి, ఆగినప్పుడు ఆవిడ హెల్మెట్ మీ హెల్మెట్‌కి ఠక్కున తగిలితే చివర్లో బ్రేక్ వదలడం ఇంకా కుదరలేదు, ఇంకో పది సార్లు చేయాలి.